మురుగునీటిని శుద్ధి చేసే నాచును పంటకు ఎరువుగా మార్చుకోవడం: బెంగళూరు అపార్ట్‌మెంట్లకు, కోలారు వైపు తోటలకు

బెంగళూరు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి ప్లాంట్ల) నుంచి రోజూ బయటికి వచ్చే నీరు చూడటానికి తేటగానే ఉంటుంది గానీ, అందులో నత్రజని, భాస్వరం చాలావరకు కరిగే ఉంటాయి. గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులోని బ్యాక్టీరియా మలినాలను తిని నీటి వాసనను, మడ్డిని పోగొడుతుంది. నైట్రేటును, ఫాస్ఫేటును తీసేయాలంటే మాత్రం దానికి వేరే దశలు కావాలి, చిన్న ప్లాంట్లలో అవి ఉండవు, ఉన్నా ఏడాది పొడవునా సరిగా నడవవు. తోటకూ ఫ్లష్‌లకూ పోగా మిగిలిన ఆ నీరు కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి చేరితే, చెరువు నిండా గుర్రపుడెక్కను మేపేది ఈ రెండు పోషకాలే. వాటిని చెరువుకు చేరకముందే నాచు చేత తినిపించి, ఆ నాచును కంపోస్టుగా మార్చి మొక్కలకు వేయడం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను. జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నీరు ముందుగా రెల్లు, జమ్ము పెరిగే తడినేల గుండా వెళ్ళి ఆ తరువాతే చెరువులో కలుస్తుంది. అక్కడ ప్రకృతి చేస్తున్న పనినే మనం చిన్న జాగాలో, కోతతో సహా చేయబోతున్నాం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1950లలోనే కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ లోతు తక్కువ మడుగుల్లో మురుగునీటిని నాచుతో శుద్ధి చేసే పద్ధతికి రూపమిచ్చారు. పగటిపూట నాచు వదిలే ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా వాడుకుంటుంది, బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను నాచు తీసుకుంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల గాలి కొట్టే బ్లోయర్ కరెంటు ఖర్చు తగ్గుతుంది. ఎండు నాచులో నత్రజని సుమారు 6 నుంచి 8 శాతం, భాస్వరం ఒక శాతం దాకా ఉంటాయి, పొటాష్ మాత్రం తక్కువ. పశువుల ఎరువుతో పోలిస్తే నత్రజని ఎన్నో రెట్లు ఎక్కువే అయినా, అది మాంసకృత్తుల రూపంలో ఉంటుంది కాబట్టి నేలలోని సూక్ష్మజీవులు విడగొట్టేదాకా మొక్కకు అందదు.

ముందు నీటి సంగతి

నాచుకు మంచీ చెడూ తెలియదు. నీటిలో భాస్వరం ఉంటే భాస్వరాన్ని, కాడ్మియం ఉంటే కాడ్మియాన్ని కూడా కణంలోకి లాక్కుంటుంది. అందువల్ల ఏ నీటిలో పెంచుతున్నామనేదే ఈ పనిలో మొట్టమొదటి నిర్ణయం, నా లెక్కలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం. ఇళ్ళ నుంచి మాత్రమే వచ్చే మురుగునీరు ఉన్న అపార్ట్‌మెంటు ఎస్టీపీ అయితే ముందుకు వెళ్ళవచ్చు. పీణ్య వంటి పారిశ్రామిక ప్రాంతాల మురుగు కలిసే కాలువ నీరు, వృషభావతి నీరు, ఆ నది చేరే బిడది దగ్గరి బైరమంగల చెరువు నీరు ఈ పనికి పనికిరావు. పూత పనుల, బ్యాటరీల, రంగుల యూనిట్ల లోహాలు అక్కడ కలిసే అవకాశం ఉంది. అపార్ట్‌మెంటు ఆవరణలోనే డ్రై క్లీనింగ్ దుకాణమో, క్లినిక్కో ఉండి వాటి నీరు కూడా ఎస్టీపీలోకే వస్తుంటే, ఆ గొట్టాన్ని వేరు చేయించిన తరువాతే మొదలుపెట్టాలి.

రెండో విషయం ఉప్పు. బోరు నీటి కాఠిన్యం తగ్గించడానికి మన నగరంలో చాలా అపార్ట్‌మెంట్లు సాఫ్ట్‌నర్లు పెట్టుకుంటాయి, ఆ సాఫ్ట్‌నర్లను కడిగే ఉప్పునీరు ఎస్టీపీలోకే పోతుంది. నాచు ఈ ఉప్పును తట్టుకుంటుంది గానీ, కోసిన నాచు ముద్దతో పాటు కంపోస్టులోకి వచ్చిన సోడియం కుండీల్లోని మొక్కల ఆకు అంచులను మాడుస్తుంది. కాబట్టి కడుగు నీటిని వేరుగా మళ్ళించడం మంచిది. అది కుదరకపోతే కోసిన నాచును ఒకసారి వాననీటితో కలిపి మళ్ళీ వడకట్టాలి.

ఎస్టీపీలో నీరు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. క్లారిఫయర్ (మడ్డి అడుగుకు దిగే ట్యాంకు) దాటిన తరువాత, సాండ్ ఫిల్టరుకూ క్లోరిన్‌కూ ముందు ఉన్న చోటు సరైనది. క్లోరిన్ పడ్డ నీరే దొరికితే దాన్ని డ్రమ్ముల్లో పోసి, మూత లేకుండా ఒకటి రెండు రోజులు ఎండలో ఉంచి వాడాలి, లేకుంటే నాచు మొలకెత్తకముందే చస్తుంది. నెలవారీ నీటి రిపోర్టులో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే ఆ ప్లాంటు బాగా పనిచేస్తున్నట్టే లెక్క. అక్కడ నాచు పెంచడం శ్రమకు తగ్గ ఫలితమివ్వదు. నీటిని ఎప్పుడైనా పంపు పైపుతోనే తోడాలి. ఎస్టీపీ ట్యాంకుల్లోకి ఏ పనికోసమైనా మనిషిని దించకూడదు. అక్కడి విషవాయువులు ప్రాణాలు తీసిన సంఘటనలు అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నాయి, రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు ట్యాంకుల్లో మనుషుల చేత పని చేయించడాన్ని 2013 చట్టం నేరంగా చూస్తుంది.

మడుగా, వలా

పెంపకానికి రెండు దారులున్నాయి. మొదటిది లోతు తక్కువ మడుగు: ఇటుకల గట్టు కట్టి, మందపాటి ప్లాస్టిక్ షీటు పరచి, 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున నీరు నిలిపి, చిన్న తెడ్డు చక్రంతోనో పంపుతోనో నీటిని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. తిప్పడం మానితే కణాలు అడుగున పేరుకుని కుళ్ళుతాయి. అంతకంటే ముఖ్యంగా, నిలిచిన నీటిలో దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ కాలంలో ఇరుగుపొరుగు ఈ మడుగును మూయించక మానరు. ప్రత్యేకంగా విత్తనం కొనాల్సిన పని లేదు: నీరు నింపి ఎండ తగలనిస్తే గాలిలో, నీటిలో ఉన్న క్లోరెల్లా, సీనెడెస్మస్ వంటి ఆకుపచ్చ నాచులు వారం పది రోజుల్లో వాటంతట అవే మడుగును నింపుతాయి.

ఈ మడుగును మిద్దె మీద పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, ఎండ అక్కడే బాగుంటుంది కాబట్టి. అయితే 25 సెంటీమీటర్ల లోతు నీరు ప్రతి చదరపు మీటరు మీద 250 కిలోల బరువు మోపుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం వేసే లెక్క చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. స్ట్రక్చరల్ ఇంజనీరు కాగితం మీద రాసి ఇవ్వనిదే మిద్దె మీద మడుగు వద్దు.

రెండో దారి వాలుబల్ల మీద వల. ఒకటి రెండు శాతం వాలుతో వెడల్పాటి బల్లను అమర్చి, దాని మీద షేడ్ నెట్ పరచి, పై అంచు నుంచి నీటిని పలుచగా, ఆగి ఆగి పారనివ్వాలి. స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల నుంచి అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. వలకు పట్టుకుని పెరిగే నాచు పోగులు పోగులుగా ఉంటుంది, కాబట్టి వారం పది రోజులకొకసారి నీరు ఆపి, అంచు మొండి చేసిన రేకు ముక్కతో గీకితే చేతికి ముద్దే వస్తుంది. నీటి లోతు వేళ్ళ మందమే కాబట్టి బరువు తక్కువ. ఒకరిద్దరు మనుషులతో నడిచే చిన్న అపార్ట్‌మెంటుకు నేను వలనే సూచిస్తాను. వీడియోలు చూసి మడుగు కట్టినవారిలో ఎక్కువమంది ఆగిపోయేది పెంపకం దగ్గర కాదు, కోత దగ్గర.

కోత

10 చదరపు మీటర్ల మడుగును ఉదాహరణగా తీసుకుందాం. 25 సెంటీమీటర్ల లోతున అందులో 2,500 లీటర్లు పడతాయి; ఐదో వంతు, అంటే 500 లీటర్లు, రోజూ తీసి అంతే కొత్త నీరు పోస్తాం. బెంగళూరు ఎండలో చదరపు మీటరుకు రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఎండు నాచు పెరుగుతుందనుకోవడం అత్యాశ కాదు. 12 గ్రాములు అనుకుంటే రోజుకు 120 గ్రాములు. అంటే 500 లీటర్ల పచ్చటి నీటిలో మనకు కావలసిన సరుకు 120 గ్రాములే. కణాలు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండవు, కాబట్టి ఏ గుడ్డా వాటిని నేరుగా పట్టదు. ముందు అవి ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగాలి.

సాయంత్రం తీసిన నీటిని అడుగున వాలు ఉన్న డ్రమ్ములో పోసి తెల్లవారేదాకా కదపకుండా ఉంచితే, పైన లేతపచ్చగా తేరుకున్న నీరు, అడుగున చిక్కటి ముదురుపచ్చ మడ్డి ఏర్పడతాయి. ఆ మడ్డిలో నుంచి ఒక చెంబెడు తిరిగి మడుగులో పోయాలి. దిగని కణాలు బయటికి కొట్టుకుపోయి, దిగే గుణమున్నవి మాత్రం రోజూ వెనక్కి వస్తూ ఉండటం వల్ల కొన్ని వారాల్లో మడుగులో అవే పెరుగుతాయి. డబ్బు ఖర్చు లేని ఈ చిట్కా ఏ మందుకంటే బాగా పనిచేస్తుంది.

అయినా దిగకపోతే పటిక గుర్తుకొస్తుంది. పటిక పనిచేస్తుంది, కానీ అందులోని అల్యూమినియం నాచులో చేరి భాస్వరాన్ని మొక్కకు అందకుండా బిగించేస్తుంది. ఆమ్లగుణం ఉన్న ఎర్రనేలల్లో ఆ అల్యూమినియం వేళ్ళకే చేటు. దానికంటే ఎండిన మునగ గింజల పప్పును పొడి చేసి, నీటిలో కలిపి, వడకట్టి ఆ తేటను వాడటం మేలు. మన ఊళ్ళలో చిల్లగింజను అరగదీసి మడ్డినీటిని తేర్చేవారు. మునగ గింజలోని మాంసకృత్తి చేసేదీ అలాంటి పనే. ఎంత మోతాదు అన్నది ప్రతి నీటికీ మారుతుంది కాబట్టి, నాలుగు బకెట్లలో ఒకే నీరు పోసి, నాలుగు మోతాదులు వేసి, అరగంట తరువాత ఏది తేటగా ఉందో చూసి నిర్ణయించుకోవాలి. సున్నంతో పీహెచ్‌ను 11 దాకా పెంచినా నాచు దిగుతుంది, కానీ ఆ తేటను అలాగే మొక్కలకు పోయలేం.

అడుగు మడ్డిని పాత నూలు పంచెలో మూటగట్టి ఒక పూట వేలాడదీస్తే, నీరు బొట్లు బొట్లుగా దిగి, గట్టి పెరుగులాంటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దలో పదో వంతు మాత్రమే ఎండు పదార్థం, మిగతాది నీరే. వేసవిలో దాన్ని ఆరు గంటలకు మించి మూటలో ఉంచితే చేపల వాసన మొదలవుతుంది. అది నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతున్నదనడానికి గుర్తు. వెంటనే కుప్పలో కలపడం కుదరకపోతే, టార్పాలిన్ మీద వేలి మందం కంటే పలుచగా పరచి ఎండబెట్టి, పెచ్చులుగా డబ్బాలో దాచుకోవాలి. పెచ్చులను నలిపేటప్పుడు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఎండబెట్టినంత మాత్రాన ఏలికపాముల గుడ్లు చావవు.

ఏ నాచును అసలు ముట్టకూడదు

2018 నుంచి బెంగళూరులోని కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీరు కోలారు జిల్లా చెరువులను నింపుతోంది. అక్కడ తోటలున్న మన తెలుగువారు చెరువు మీద పచ్చటి పొర కనబడగానే దాన్ని తోడి పొలానికి వేయవచ్చా అని అడుగుతుంటారు. వద్దన్నదే నా జవాబు. చెరువుల మీద రంగు డబ్బా ఒలికినట్టు కనిపించే పొర తరచుగా మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచుది. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఆ నీరు తాగిన పశువులు చనిపోవచ్చు, నేలలో కలిసినప్పుడు ఆ విషాన్ని పంట కొంత పీల్చుకోగలదు.

మన మడుగులోకి కూడా అది రావచ్చు కాబట్టి వారానికొకసారి ఒక చిన్న పరీక్ష చేయాలి. చేతికి తొడుగు వేసుకుని, తెల్ల గాజు సీసాను ముప్పాతిక వంతు మడుగు నీటితో నింపి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో (తినే వస్తువులకు దూరంగా) రాత్రంతా కదపకుండా ఉంచాలి. ఉదయానికి పచ్చదనం అడుగున పేరుకుని ఉంటే అది మనకు కావలసిన రకమే. పచ్చదనం పైకి తేలి సీసా మెడ దగ్గర ఉంగరంలా అతుక్కుని, కింద నీరు తేటపడితే నీలి ఆకుపచ్చ రకం చేరినట్టు అనుమానించి, ఆ మడుగు నాచును పంటకు వాడటం ఆపాలి. నీటిని ఎస్టీపీ మొదటి ట్యాంకులోకే వెనక్కి పంపి, మడుగు కడిగి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి కాదు గానీ, పారబోయాలా వద్దా అని తేల్చుకోవడానికి చాలు.

మరో రోజు పచ్చగా ఉన్న మడుగు ఉన్నట్టుండి తేటపడిపోతుంది. గ్లాసులో నీరు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, ఎగిరెగిరి పడుతున్న తెల్లటి నలుసులు కనబడతాయి: నీటి ఈగలు (డాఫ్నియా అనే సన్నటి నీటి ప్రాణులు) నాచును మేసేశాయి. దానికి మందులు వెతకడం అనవసరం. ఖాళీ చేసి, ఒక రోజు ఆరనిచ్చి, నీరు నిలిచే కాలాన్ని ఐదు రోజుల నుంచి మూడుకు తగ్గించి మళ్ళీ నింపితే సరిపోతుంది.

కంపోస్టు

పచ్చి నాచును నేరుగా నేల మీద పోయవద్దు. ఎండిన నాచు నల్లటి కాగితంలా పొరకట్టి నీటిని లోపలికి ఇంకనివ్వదు, అందులో మురుగునీటి క్రిములు బతికే ఉంటాయి. కంపోస్టు కుప్ప వేడిలోనే ఈ రెండూ తీరతాయి.

నాచులో కర్బనం నత్రజనికి ఏడు రెట్లే ఉంటుంది, కుప్ప బాగా కాగడానికి పాతిక నుంచి ముప్ఫై రెట్లు ఉండాలి. లెక్క వేస్తే, 10 కిలోల తడి ముద్దకు 5 నుంచి 6 కిలోల ఎండుటాకులు కావాలి. ఆ పాళ్ళలో కలిపితే తడి కూడా 60 శాతం దగ్గర సరిపోతుంది, వేరే నీరు చల్లే పని ఉండదు. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు బొట్లు మాత్రమే రాలాలి. నగరంలో ఆకులకు కొదవ లేదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో రోడ్ల పక్క సంచుల కొద్దీ దొరుకుతాయి. అప్పుడే ఏడాదికి సరిపడా దాచుకోవాలి.

కానీ మన 10 చదరపు మీటర్ల మడుగు నెలకు ఇచ్చేది 36 కిలోల ముద్ద. దాని కుప్ప వేడెక్కేంత పెద్దది కాదు. కనీసం మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే లోపలి వేడి నిలుస్తుంది. అందుకే నాచుకు విడిగా కుప్ప వేయకుండా, అపార్ట్‌మెంటులో ఎలాగూ నడుస్తున్న తడిచెత్త కంపోస్టులోకి దాన్ని నత్రజని సరుకుగా చేర్చడం మంచిది. కుప్ప మధ్యలో ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటి, 15 రోజుల పాటు ఆ స్థాయిలో ఉండాలి, ఆ వ్యవధిలో అంచులది లోపలికి వచ్చేలా ఐదుసార్లు తిరగవేయాలి. అమెరికా పర్యావరణ సంస్థ మురుగు బురద కంపోస్టుకు పెట్టిన నియమమిది, మన అవసరానికీ సరిపోతుంది. పొడవాటి కంపోస్టు థర్మామీటరు కొనుక్కోవడం ఖర్చు దండుగ కాదు. వేడి తగ్గిన తరువాత మరో నెలన్నర మాగనివ్వాలి.

మాగినదని తేల్చుకోవడానికి పెసలు చాలు. ఒక కుండీలో కంపోస్టు, మట్టి సగం సగం, రెండో కుండీలో ఉత్త మట్టి తీసుకుని చెరో పది గింజలు వేయండి. వారంలో రెండూ సమంగా మొలిచి, కంపోస్టు కుండీలోని వేరు కొసలు తెల్లగా ఉంటే వాడవచ్చు. గోధుమరంగులో ముడుచుకుపోయి ఉంటే ఇంకా మాగాలి, లేదా ఉప్పు ఎక్కువైంది.

మొదటి కుప్పకు, ఆ తరువాత ఏడాదికొకసారి, గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో భార లోహాల పరీక్ష చేయించాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు (1985) నగర చెత్త కంపోస్టుకు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని హద్దులు పెట్టింది: కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15, రాగి 300, జింకు 1,000. ఇంటి మురుగులో జింకు, రాగి సహజంగానే కొంత ఉంటాయి, గొట్టాల నుంచి వస్తాయి. కాడ్మియమో సీసమో హద్దుకు దగ్గరపడితే, నాకైతే ఆ కంపోస్టును తినే పంటకు వేయడానికి మనసొప్పదు.

ఏ పంటకు, ఎంత

బంతి, చామంతి, గులాబీ, మల్బరీ, సిల్వర్ ఓక్, కొబ్బరి, మామిడి: ఇవి మొదటి వరుస. కోలారు, చిక్కబళ్ళాపురం, హిందూపురం వైపు పూలతోటలు, మల్బరీ తోటలు ఉన్నవారికి ఇది సరిగ్గా అమరుతుంది. రాగి, జొన్న వంటి పంటలకు దుక్కిలో వేయవచ్చు, గింజ నేలకు తగలదు కాబట్టి. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, క్యారెట్, నేల మీద పాకే టమోటా జోలికి మాత్రం పోవద్దు. 55 డిగ్రీల వేడి పూర్తిగా చూడని కుప్ప అయితే, వేసిన నాటి నుంచి కోతకు కనీసం 120 రోజుల ఎడం ఉండే పంటకే వాడాలి. నాచును నీటిలో కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే పెరుగుదల హార్మోన్లు అందుతాయని చెప్పే ప్రకటనలు ఉన్నాయి. శుభ్రమైన నీటిలో పెంచిన క్లోరెల్లాకు అందులో కొంత నిజముంది, మురుగునీటి నాచును తినే ఆకు మీద చల్లడం మాత్రం తగదు.

పూలమడులకు చదరపు మీటరుకు 2 కిలోల కంపోస్టు వేసి, పైపైన వదలకుండా మట్టిలో జానెడు లోతున కలపాలి. కుండీలకు నాలుగు పాళ్ళ మట్టికి ఒక పాలు చాలు. పొటాష్ కొరత తీరడానికి చదరపు మీటరుకు గుప్పెడు కట్టెల బూడిద చేర్చవచ్చు, నేల చౌడుగా ఉంటే అది కూడా వద్దు.

పొలం సంగతికొస్తే లెక్క వేరు. చదరపు మీటరు మడుగు ఏడాదికి, 300 రోజుల ఎండ లెక్కన, 3.6 కిలోల ఎండు నాచును, అంటే సుమారు 250 గ్రాముల నత్రజనిని ఇస్తుంది. అందులో మూడో వంతు మొదటి పంటకు అందుతుందనుకున్నా, ఎకరానికి 40 కిలోల నత్రజని కావలసిన పంటకు దాదాపు 480 చదరపు మీటర్ల మడుగు కావాలి, అంటే 12 సెంట్ల నేల. యూరియా బస్తాకు బదులుగా దీన్ని చూపించేవారి మాట నమ్మే ముందు ఈ 12 సెంట్లు ఎక్కడున్నాయని అడగాలి. రైతుకు ఇది నత్రజనిలో కొంత భాగాన్ని, దానితో పాటు సేంద్రియ కర్బనాన్ని ఇచ్చే సరుకు. అపార్ట్‌మెంటుకైతే తోటకు కొనే ఎరువు చాలావరకు తప్పిపోతుంది.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వానలు మడుగును పలుచన చేస్తాయి, మబ్బుల వల్ల పెరుగుదల సగానికి పడిపోవచ్చు. ఆ నెలల్లో రోజుకు 500 లీటర్ల బదులు 250 లీటర్లే మార్చి, గట్టు మీద నుంచి పొర్లకుండా ఒక పొర్లు గొట్టం పెట్టి, దాని కొసను ఎస్టీపీలోకే కలపాలి. డ్రమ్ములో తేరుకున్న నీటిని కూడా వదిలేయనక్కర్లేదు. 2024 మార్చిలో తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన నగరం మనది. ఆ తేటను సాండ్ ఫిల్టరు గుండా పంపి, చెట్ల మొదళ్ళకు డ్రిప్పు గొట్టాలతో, సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళ కాకుండా రాత్రి తొమ్మిది తరువాత వదలండి.